శిఖరవీరులకు మనము చెల్లింపవలసిన ఋణము
(రాజమహేంద్రవరమున గ్రంథాలయ సభయందు చేసిన ప్రసంగము)



కనుచూపుమేర వరిచేలు, కాలువలు, కొబ్బరితోటలు గల సమతలము మనది. పర్వతయుద్ధ మెట్టిదో యూహించుట మనకు కష్టము. 1999వ సంవత్సరము మే మొదలు జూలై వరకు మన సైనికులు పోరిన కార్గిల్ సీమయందు 16,000 అడుగులకు మించిన శిఖరములు పెక్కు గలవు. శత్రువు పైన, మనవారు క్రింద. చాటునకు చెట్టు లేదు. పీల్చుటకు చాలినంత గాలి లేదు. శ్రీనగరమునుండి లేహ్‌కు పోవు రహదారి శత్రువుల గురికి లోబడియుండెను. కావుననే మనవారు చీకటిలో నిటారు బండల నెగబ్రాకి, యొక్కొక్క శిఖరమును గెలువవలసి వచ్చెను. ఆ యుద్ధమున 527 మంది ప్రాణము లర్పించిరి.

అం దొకరు హైదరాబాదు వాస్తవ్యుడగు మేజర్ పద్మపాణి ఆచార్య. రాజపుతానా రైఫిల్సు రెండవ పటాలమున దళనాయకుడు. జూన్ 28 రాత్రి ద్రాస్ ప్రాంతమున లోన్ హిల్ అను కొండను పట్టుకొను భార మాయన దళముపై బడెను. దారిలో మందుపాతరలు, పైనుండి మరతుపాకుల వర్షము. గాయపడియు ప్రాకుచు బోయి శత్రువుల బంకరులోనికి చేతిబాంబులు విసరెను. ఇక కదలలేని స్థితిలో, తన్ను విడిచి ముందునకు దుముకుడని అనుచరుల నాజ్ఞాపించెను. వారు గెలిచిరి, ఆయన మరణించెను. వయస్సు 30 సంవత్సరములు. ప్రభుత్వము మరణానంతరము మహావీరచక్ర మొసగెను.

యుద్ధభూమినుండి తండ్రికి వ్రాసిన లేఖలో ఆయన యొక కోరిక కోరెను: గర్భవతియైన తన భార్యకు దినమున కొక భారతకథ చెప్పవలెననియు, పుట్టబోవు బిడ్డకు సద్గుణము లబ్బవలెననియు. ఆ బిడ్డను ఆయన చూడలేదు.

మహాశయులారా! నన్నయభట్టు భారతమును తెనిగింప నారంభించిన పురమిది. గర్భమున నుండి కథ విన్న యభిమన్యు నెరుగని యిల్లు మనలో లేదు. ఈ కోరిక నర్థము చేసికొనలేనివారము కాము. వీరునకు నిజమైన పూజ వీరకథ నెడతెగక చెప్పుటయే. ఏటేట జూలై 26న దండ వేసి మరునాడు మరచుట పూజ కాదు.

పతకము పొందినవారి పేరైన నిలుచును. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో నొరిగిన సూర్యాపేట వాస్తవ్యుడు కర్నల్ సంతోష్‌బాబును లోక మెరుగును, ఆయనకును మహావీరచక్రమే. ఆయనతో నొరిగిన పందొమ్మండుగురి పేర్లు మనలో నెందరు చెప్పగలరు? మన తాడేపల్లిగూడెము చెంతనున్న మాధవరమును జనులు మిలిటరీ మాధవర మందురు. తరతరములుగ నా యూరి బిడ్డలు సైన్యమున జేరిరి. రెండు ప్రపంచయుద్ధములందును పోరిరి. ఆ తరమువారితో నెన్ని కథలు మట్టిలో గలిసెనో!

కావున నా విన్నపము రెండు మాటలు. ప్రతి గ్రంథాలయమున నొక పుస్తకము తెరువుడు. పతక మున్నను లేకున్నను, మన గ్రామములనుండి పోయిన ప్రతి సైనికుని పేరు, పటాలము, చేసిన పని అందు వ్రాయుడు. వారమున కొకనాడు బాలురకు చదివి వినిపింపుడు. మరియు నేదేని సైనికుని భార్య పింఛను కాగితములు పట్టుకొని కచ్చేరి మెట్లెక్కుచున్నచో, అక్షరము లెరిగిన మీలో నొకరు ఆమెకు అర్జీ వ్రాసిపెట్టుడు.

శిఖరము నెక్కుట వారి వంతు. వారు దిగిరాని యింటికి అండగా నిలుచుట మన వంతు.