నిర్ణయం ఎవరి చేతిలో?

 

న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీల సమాజంపై బ్రిటిష్ వలస పాలన ముద్ర ఇంకా ఎంత మిగిలిందన్నది నేటి చర్చ. మనకు 1947 ఉంది. మావోరీలకు అలాంటి తేదీ లేదు. అక్కడికి వచ్చినవాళ్లు తిరిగి వెళ్లలేదు. అందుకే ఈ ప్రశ్న వాళ్లకు గతం గురించినది కాదు.

తెల్లవాళ్ల రాకతో చదువు, వ్యాపారం వచ్చాయి కదా అనే వాదన ఉంది. దానికి సమాధానం ఆ దేశంలోని వైకాటో ప్రాంతపు నేలే చెబుతుంది. 1850ల నాటికి అక్కడి మావోరీలు గోధుమ పండించారు, సొంత పిండిమరలు పెట్టుకున్నారు, ఆక్లాండ్ సంతకు సరుకు పంపారు. కొత్త విద్యలను ఇష్టపడి, తమ పద్ధతిలో నేర్చుకున్నారు. 1863లో ఆ నేలమీదికే వలస ప్రభుత్వ సైన్యం వచ్చింది. ఆ తర్వాత సుమారు 12 లక్షల ఎకరాలు జప్తు అయ్యాయి. భూములు, అడవులు, చేపల తావులు మీవేనని 1840 వైటాంగి ఒప్పందంలో బ్రిటిష్ పాలకులు మావోరీలకు ఇచ్చిన హామీ పాతికేళ్లు కూడా నిలవలేదు.

తుపాకీ కంటే లోతుగా దెబ్బతీసింది, మావోరీ నేలలకు పట్టాలు తేల్చే భూమి కోర్టు. 1865 చట్టం కింద, వందలమంది ఉమ్మడిగా అనుభవించే నేలకు పట్టాలో పదిమంది పేర్లే ఎక్కేవి. ఆ పదిమంది అమ్మినా, తాకట్టు పెట్టినా మిగతావాళ్లకు అడిగే హక్కు లేదు. కోర్టు ఎక్కడో దూరపు పట్నంలో కూర్చునేది. వాయిదాల కోసం కుటుంబాలు వారాల తరబడి అక్కడే పడిగాపులు కాసేవి. తిండికీ బసకూ కొట్టులో అప్పు, సర్వే రుసుముకు మరో అప్పు. దావా గెలిచినవాళ్లు కూడా ఆ బాకీలకు గెలిచిన భూమినే అమ్ముకున్నారు. నేలతోపాటు, నలుగురూ కూర్చుని నిర్ణయించుకునే కట్టుబాటూ చెదిరింది.

నేడు దేశ జనాభాలో ఆరోవంతుకు కాస్త మించిన మావోరీలు జైళ్లలో మాత్రం సగానికి పైగా ఉన్నారు. దీన్ని జాతి గుణంగా చూసేవాళ్లు ఈ చరిత్రను చదవలేదనే అంటాను.

దిద్దుబాటు మొదలైంది. ఆ ఒప్పందపు ఉల్లంఘనలను విచారించే వైటాంగి ట్రైబ్యునల్ 1975లో ఏర్పడింది. 1840 నుంచి జరిగినవాటిపై ఫిర్యాదులనూ విచారించే అధికారం దానికి 1985లో దక్కింది. 1995లో వైకాటో తెగకు ప్రభుత్వ క్షమాపణతోపాటు 17 కోట్ల న్యూజిలాండ్ డాలర్ల పరిహారం అందింది. పోయినదానితో పోలిస్తే అది స్వల్పం. నాకు అంతకన్నా గొప్పగా కనిపించేది 1982లో వెల్లింగ్టన్ సమీపంలో మొదలైన భాషా శిశుపాఠశాల. అవ్వలు, తాతలు పసివాళ్లతో మావోరీలోనే మాట్లాడే అలాంటి బడులు కొన్నేళ్లలోనే వందలయ్యాయి. బడుల్లో మావోరీ మాట్లాడినందుకు బెత్తం దెబ్బలు తిన్న తరం తన మనవలకు ఆ భాషనే నేర్పింది.

పరిహారం ఎంతన్నది ఒక లెక్క. నిర్ణయం ఎవరి చేతిలో ఉందన్నది అసలు లెక్క. అది చేతికొచ్చిన చోట మావోరీ సమాజం కోలుకుంది. ఇక్కడ చదవబోయే ప్రతి పత్రమూ ఈ ప్రశ్నను ఎదుర్కోవాలని కోరుతూ, సదస్సును ప్రారంభిస్తున్నాను.