పిల్లలకూ కీళ్లవాతం వస్తుంది



కీళ్లవాతం ముసలివాళ్ల జబ్బని మనలో చాలామంది అనుకుంటారు. అందుకే బిడ్డ కుంటుతుంటే ఆటలో పడ్డాడనో, ఎదిగే వయసు నొప్పులనో నూనె రాసి ఊరుకుంటారు. 1897లోనే లండన్ వైద్యుడు జార్జ్ స్టిల్ 22 మంది పిల్లల కీళ్లజబ్బును వివరించారు. 16 ఏళ్లలోపు మొదలై, వేరే కారణం లేకుండా కీలువాపు 6 వారాలైనా తగ్గకపోతే దాన్ని జువెనైల్ ఇడియోపథిక్ ఆర్థరైటిస్ అంటాం.

ఎదిగే వయసు నొప్పులు రాత్రిపూట వస్తాయి. తెల్లారేసరికి బిడ్డ పరుగెడతాడు. ఈ జబ్బులో పొద్దున్నే కీళ్లు బిగుసుకుపోతాయి, కదిలిన కొద్దీ సడలుతాయి. పసివాళ్లు నొప్పి అని చెప్పలేరు, ఎత్తుకోమంటారు. కొంచెం పెద్దవాళ్లు నమాజులో మోకాళ్లు మడవలేక ఇబ్బంది పడతారు. ఇలాంటివి కనబడితే 6 వారాలు ఆగకుండా డాక్టరుకు చూపించండి. జ్వరంతో ఒక కీలు వాచి కదపలేకపోతే కీలులో చీము పట్టి ఉండవచ్చు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఒక్క రక్తపరీక్షతో తేలే జబ్బు కాదిది. చాలామంది పిల్లల్లో రుమటాయిడ్ ఫ్యాక్టర్ కనబడదు. రిపోర్టు బాగుందని నిశ్చింతగా ఉండకూడదు. డాక్టరు కీళ్లన్నీ చేత్తో పరీక్షించి, క్షయ, రక్త క్యాన్సర్ వంటివి కావని తేల్చుకోవాలి.

కళ్ల సంగతి మరవకండి. కొందరు పిల్లలకు ఎరుపు, నొప్పి లేకుండానే కంటి లోపల వాపు వచ్చి చూపు దెబ్బతింటుంది. స్లిట్ ల్యాంప్ పరీక్షలోనే అది తెలుస్తుంది. డాక్టరు చెప్పిన గడువుకల్లా, కొందరికి 3 నెలలకోసారి, ఆ పరీక్ష చేయించాలి.

నొప్పి, వాపు తగ్గే మాత్రలు, కీలులోకి ఇంజెక్షన్, మెథోట్రెక్సేట్, అవసరమైతే బయోలాజిక్ మందులు ఉన్నాయి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేయాలి. పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఆ వారం పేరు చీటీ మీద రాసి గోడకు అంటించండి. వ్యాయామం మానిపించవద్దు. నొప్పి తగ్గిందని మీ అంతట మీరే మందు ఆపవద్దు.

ఆడపిల్లకు సంబంధాలు రావని జబ్బు దాచే ఇళ్లున్నాయి. దాచితే జబ్బు పోదు, కీలు వంకరపోతుంది. వైద్యం ఏళ్ల తరబడి సాగుతుంది గనుక పేద కుటుంబానికి ఒకనాటి సాయం చాలదు. ప్రతిసారీ ఆసుపత్రికి పోయివచ్చే బస్సు ఛార్జీ, ఆ రోజు పోగొట్టుకున్న కూలి మనం సర్దగలిగితే ఆ బిడ్డకు మందు ఆగదు. దాతలందరినీ మేము కోరేది ఇదే.