విన్యాస విమానమునకు ఇంజనా? మోటారా?

కంభము, మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలో సేద్యపుటిండ్లలో పెరిగినవారికి ‘ఇంజనా, మోటారా’ అను తగవు క్రొత్తది కాదు. బావిగట్టున మోట తోలిన ఎద్దులు తప్పుకొన్న తరువాత ఆయిలు ఇంజను వచ్చినది. దాని పొగ, దాని మోత, చలికాలమున తెల్లవారుజామున హ్యాండిలు వేసి త్రిప్పలేక పడిన అవస్థ పెద్దలకు ఇంకను జ్ఞాపకమే. పిదప కరెంటు స్తంభములు చేలలోనికి వచ్చినవి. 2004 లో సేద్యమునకు ఉచిత విద్యుత్తు ఇచ్చుట మొదలైన నాటికే ఇంజను చాలవరకు వెనుకబడినది. ఆ తరువాత మోటారుకు ఎదురు లేకపోయినది. బావి దగ్గర తగవు అట్లు తీరిపోయినది.

ఇప్పుడు ఆ తగవే మరియొక రూపమున ఇంటిలోనికి వచ్చినది. ఇంజనీరింగు చదువుచున్న కుమారుడు చిన్న చిన్న నమూనా విమానములు ఎగురవేయుట నేర్చుకొన్నాడు. ఇక పెద్దది, ఆకాశములో మొగ్గలు వేయగలది, కట్టెదనని కూర్చున్నాడు. దానికి పెట్రోలు ఇంజను పెట్టవలెనా, విద్యుత్తు మోటారు పెట్టవలెనా అన్నది అతని ప్రశ్న. పైకము ఈయవలసిన తండ్రికి మాత్రము ఇదంతయు ఆటబొమ్మ వ్యవహారముగా తోచును. రెండు మీటర్లకు మించిన రెక్కలు, ఐదు మొదలు పది కిలోల బరువు, ముక్కున 20 అంగుళములకు పైబడిన ప్రొపెల్లరు గల వస్తువు ఆటబొమ్మ కాదని మొదటనే ఆయనకు మనవి చేయవలసియున్నది. 22 అంగుళముల ప్రొపెల్లరు నిమిషమునకు ఏడు వేల చుట్లు తిరుగుచున్నప్పుడు దాని అంచు గంటకు 700 కిలోమీటర్లకు మించిన వేగముతో పరుగిడును. అందు వ్రేలు పడిన మిగులదు. కాబట్టి ఈ ఎంపిక పైకమునకు మాత్రమే సంబంధించినది కాదు.

మామూలు విమానమును రెక్కలు మోయును. ఇంజను ముందుకు లాగిన చాలును. విన్యాస విమానము సంగతి వేరు. అది నిట్టనిలువుగా పైకి పోవలెను, తలక్రిందులుగా ఎగురవలెను, కొన్ని విన్యాసములలో ముక్కు ఆకాశమునకెత్తి కదలక గాలిలో వ్రేలాడవలెను. అట్టి క్షణమున రెక్కలు ఉన్నను లేనట్లే. బరువంతయు ప్రొపెల్లరు లాగుడు మీదనే ఆధారపడును. నిట్టనిలువుగా ఆగక ఎక్కవలెనన్న లాగుడు విమానపు బరువును మించియుండవలెను. వ్రేలాడి, అక్కడనుండి మరల పైకి దుముకవలెనన్న బరువుకు ఒకటిన్నర రెట్లయినను ఉండవలెను. కనుక దుకాణపు పట్టికలో ఇంజను చూచి, దానికి తగిన విమానము వెదకుట తలక్రిందుల పని. ముందు విమానము బరువు తేలవలెను. దానినుండి లాగుడు, లాగుడునుండి ప్రొపెల్లరు, ప్రొపెల్లరును త్రిప్పుటకు కావలసిన శక్తి వరుసగా తేలును. శక్తికి మోటు లెక్క ఒకటి కలదు: కిలో బరువునకు సుమారు 400 వాట్లు. ఎనిమిది కిలోల విమానమునకు 3,200 వాట్లు మొదలు 3,700 వరకు కావలెను. ఇది ఇంచుమించు మన బోరులో దించు ఐదు హార్సుపవరు మోటారు శక్తి!

ఇచట శ్రోతలకు సందేహము కలుగవచ్చును. బోరు మోటారును ఎత్తుటకు ఇద్దరు మనుష్యులు కావలెను గదా, విమానములో అదెట్లు ఇముడును? ఇముడును, ఎందుకనగా విమానపు మోటారు బరువు కిలోకు మించదు. బోరు మోటారు గంటల తరబడి నడువవలెను, పదులకొలది సంవత్సరములు మన్నవలెను. దానిలో శాశ్వత అయస్కాంతములుండవు. విమానపు మోటారులో మిక్కిలి బలమైన నియోడిమియం అయస్కాంతములు గుండ్రముగా అతికించియుండును. ప్రొపెల్లరు విసరు గాలి దానిని నిరంతరము చల్లార్చుచుండును. అది పూర్తి బలముతో పనిచేయునది కొన్ని క్షణములు మాత్రమే. ఆ క్షణములలో 44 వోల్టుల బ్యాటరీనుండి 80 ఆంపియర్లకు పైన ప్రవహించును.

బావికిని విమానమునకును గల అసలు భేదము ఇంకొకటి. బావి మోటారుకు తీగ ఉన్నది. దాని తిండి ఎక్కడినుండియో ఆ తీగవెంట వచ్చును. విమానము తన చద్దిమూట తానే మోసికొని పోవలెను. ఆ మూట బరువు చూచినచో పెట్రోలుకు సాటి లేదు. కిలో పెట్రోలులో సుమారు 12,000 వాట్-గంటల శక్తి యున్నది. కిలో లిథియం పాలిమరు బ్యాటరీలో ఉండునది 150 మొదలు 200 వరకు మాత్రమే. చిన్న రెండు స్ట్రోకుల ఇంజను తనకు పోసిన శక్తిలో అయిదింట నాలుగు వంతులకు పైగా వేడిగను పొగగను పారబోయును. మోటారు అయిదింట నాలుగు వంతులను పనిగా మార్చును. ఆ తారతమ్యము తీసివేసినను పెట్రోలు పదింతలకు పైగా మేలుగానే తేలును.

ఇంతవరకు విని, పెట్రోలే మేలని తీర్మానించువారు తొందరపడుచున్నారు. విన్యాస విమానము ఒకసారి ఎగురునది ఎనిమిది, పది నిమిషములు. చద్దిమూట ఎంత తేలికయైనను, పోవలసినది ప్రక్క ఊరికే అయినప్పుడు లాభమేమి? 50 మొదలు 55 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను బరువు సుమారు కిలోన్నర. దానికి పొగగొట్టము, నిప్పురవ్వ పెట్టె, దాని చిన్న బ్యాటరీ, ట్యాంకు, అరలీటరు పెట్రోలు కలిపిన రెండు కిలోలు దాటును. అంతే బలము గల మోటారు, దాని వేగ నియంత్రిక, పన్నెండు సెల్లుల బ్యాటరీ కలిపినను రెండు కిలోల పై చిల్లరయే. అనగా ఈ పరిమాణమున రెంటి బరువును ఇంచుమించు సమానము. కాబట్టి బరువు ఈ తగవు తీర్చలేదు. తీర్చునవి వేరే యున్నవి.

మొదటిది ఎగురుటలోని నాణ్యము. అంతర్జాతీయ వైమానిక సమాఖ్యవారి ఎఫ్‌3ఏ అను విన్యాస పోటీలలో విమానము పొడవు, రెక్కల వెడల్పు రెండేసి మీటర్లకు మించరాదు. బరువు ఐదు కిలోల చుట్టునే కట్టడి చేయబడినది. ఒకప్పుడు ఆ పోటీలలో మిథనాలు త్రాగు ఇంజనులే రాజ్యమేలినవి. ఈ శతాబ్దపు మొదటి దశాబ్దిలో మోటారులు ప్రవేశించి క్రమముగా వానిని తొలగించినవి. కారణము బలము కాదు, నిగ్రహము. అచట విమానము ఎక్కునప్పుడును దిగునప్పుడును ఒకే వేగముతో పోవుట అందముగా ఎంతురు. దిగునప్పుడు ఇంజను వేగము తగ్గించినను విమానము జారి పరుగెత్తును. మోటారునో, ప్రొపెల్లరుకు పగ్గము వేసినట్లు నెమ్మదింపజేయవచ్చును. ఏటవాలున బండికి అడ్డుకట్టె వేసినట్లు అది విమానమును నిలిపి దింపును. పైగా అదరుట లేదు. పెట్రోలు ఇంజను అదురు మరలను వదులు చేయును, చెక్క అతుకులను విడదీయును, రెక్కల చుక్కానులను కదుపు సర్వో యంత్రములను అరుగదీయును. దానిని తట్టుకొనుటకు విమానమును గట్టిగా కట్టవలెను. గట్టిగా కట్టిన బరువు పెరుగును.

రెండవది మన నేల సంగతి. మోటారు పక్షమున ఇంతసేపు మాటాడితిని గాని కంభము బయలులో నిలుచుండి చూచినచో లెక్క కొంత మారును. బయలులో కరెంటు ప్లగ్గు ఉండదు. పన్నెండు సెల్లుల బ్యాటరీ ఒకటి నింపుటకు 220 వాట్-గంటలకు పైగా కావలెను. కారు బ్యాటరీ నుండి నింపుదమన్న, దానికి హాని లేకుండ సగమే వాడుకొన్నచో ఒక్కసారి నింపవచ్చును, రెండవసారి పూర్తి కాదు. అందుచేత మోటారువాడు ఇంటిలో నింపి తెచ్చుకొన్న బ్యాటరీలు ఎన్నియో అన్నిసార్లే ఎగురవేయును. మూడు జతలు కొనుట కష్టము. కొన్నను నూరు, నూటయేబది సార్లు గట్టిగా వాడునప్పటికి వాని సత్తువ తగ్గును. పెట్రోలువాడు ఐదు లీటర్ల డబ్బాతో ప్రొద్దుననుండి సాయంకాలము వరకు ఎగురవేయవచ్చును. విన్యాసము అభ్యాసముచేతనే వచ్చును గనుక ఇది చిన్న లాభము కాదు.

ఇక మన ఎండ. వేసవిలో 42 డిగ్రీల వేడిలో గాలి పలుచబడి ఇంజను బలము సుమారు పదవ వంతు తగ్గును. మోటారు బలము తగ్గదు గాని, పలుచని గాలిలో దాని ప్రొపెల్లరు పట్టును కొంత సడలును. బ్యాటరీకి ఎండ మరింత శత్రువు. తలుపులు మూసిన కారులో మిట్టమధ్యాహ్నము దానిని వదలిపెట్టుట నిప్పును ఒడిలో కట్టుకొనుటయే. మార్కాపురము పలకల పనులున్న చోట్ల లేచు సన్నని రాతిదుమ్ము రెంటికిని చెరుపు చేయును. కార్బొరేటరుకు మరింత చేయును.

పెట్రోలు విషయమున ఇటీవలి మార్పొకటి గమనింపదగినది. 2025 నాటికి మన బంకులలోని పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలియుచున్నది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకొనును. చిన్న కార్బొరేటరులోని రబ్బరు పొరలను, ఇంధనపు గొట్టములను బిరుసెక్కించును. కాబట్టి సాయంకాలము ఇంటికి వచ్చినంతనే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజనులో మిగిలినది మండి ఆరిపోవునంతవరకు నడిపి ఉంచవలెను. నూనె కలిపిన పెట్రోలును నెలల తరబడి నిలువ చేయరాదు. నూనె పాలు ఇంజను చేసినవారు చెప్పినట్లే, సాధారణముగా ముప్పది నలుబది పాళ్ల పెట్రోలుకు ఒక పాలు, కలుపవలెను. ‘కొంచెము ఎక్కువ పోసిన మంచిదే’ అను మెకానికు సలహా ఇచట పనికిరాదు.

మిథనాలు ఇంజనుల మాట కూడ ఒకటి చెప్పవలెను. వానికి పోయు ఇంధనములో మన మెట్టచేల ఆముదము ఒక ముఖ్యద్రవ్యము. మొదటి ప్రపంచయుద్ధపు విమానములలో గిరగిర తిరుగు ఇంజనులకు ఆముదమే కందెన. ఆ పొగ పీల్చిన విమానచోదకులకు కడుపు నిలువకుండెడిదట! అంత వేడికిని చెదరక లోహమును అంటిపెట్టుకొను గుణము ఆముదమునకు కలదు. కాని మిథనాలు విషము, అంగడిలో అడిగినంతనే దొరకు వస్తువు కాదు, ఖర్చును ఎక్కువ. పెద్ద విమానమునకు దానిని నేను సిఫారసు చేయను.

ప్రమాదముల తీరు కూడ రెంటికి వేరు. పెట్రోలు ఇంజను మొరాయించును, గాలిలో ఆగిపోవును. అప్పుడు విమానమును జారవిడిచి దింపుకొనవలెను. కాని నేలమీద అది ఎప్పుడు తిరుగునో చెవికి తెలియును. మోటారు మౌనముగా కూర్చుండును. బ్యాటరీ తగిలించియున్నప్పుడు చేతిలోని మీట పొరపాటున కదిలినచో ఒక్కసారిగా తిరుగును. బ్యాటరీ తగిలించిన క్షణమునుండి దానిని తిరుగుచున్న ప్రొపెల్లరుగనే ఎంచవలెను. నింపుచున్న బ్యాటరీని పడకగదిలో గాని, గడ్డివామి దాపున గాని ఉంచరాదు. అటుకమీద పెట్టి నిద్రపోరాదు. ఇసుక పోసిన మట్టితొట్టిలో, కనుల యెదుట నింపవలెను. దెబ్బ తగిలి ఉబ్బినదానిని మరల వాడరాదు.

ఎచట ఎగురవేయవలెను? గుండ్లకమ్మకు అడ్డముగా రెండు కొండల నడుమ కట్టిన మన చెరువు నీరు వెనుకకు తీసిన కాలమున విశాలమైన బయలు చూపి ఊరించును. కాని అచట మేకలు, పశువులు, వాని వెంట పిల్లలు ఉందురు. మనుష్యసంచారము లేని చోటు, భూమి గలవారి సెలవు రెండును ముందు కావలెను. నల్లమల అభయారణ్యముల వైపు పోనేరాదు. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోను నియమములు 25 కిలోలకు మించక, విద్యకో వినోదమునకో కంటిచూపు మేరలో ఎగురు విమానమును ‘మోడల్’ వర్గముగా గుర్తించి కొన్ని సడలింపులిచ్చినవి. అయినను ప్రభుత్వపు ఆకాశపటములో పచ్చ ప్రాంతమని చూచుకొని, 400 అడుగుల లోపుననే ఉండవలెను. అనుమతుల సంగతి సామాను కొనక మునుపే విచారించుకొనవలెను.

నా అభిప్రాయము అడిగినచో, ఐదు కిలోల లోపు విమానమునకు మోటారే మేలు. దానిని గురించి వాదము అనవసరము. ఎనిమిది కిలోలు దాటి, వారమునకొకనాడు పగలంతయు ఎగురవేయు ఓపిక గలవానికి పెట్రోలు ఇంజను. నడుమనున్నవారు తమకు ఎన్ని బ్యాటరీలు కొను స్తోమతు కలదో చూచుకొని నిర్ణయించుకొనవలెను. మార్కాపురములోను గిద్దలూరులోను స్పేరు పంపుల సామాను చేతికి వచ్చినంత సులువుగా ఈ ఇంజనుల సామాను రాదు. పిస్టను రింగు ఒకటి తెప్పించుటకు దినములు పట్టును. మోటారులో అరుగునవి బేరింగులే. వాని అంకె చెప్పిన బేరింగుల దుకాణమున దొరకవచ్చును.

ఏది పెట్టినను, మొదటిసారి ఎగురవేయక మునుపు విమానము తోకకు గట్టి తాడు కట్టి, ఆ తాడును వ్రేలాడు స్ప్రింగు కాటా కొక్కెమునకు తగిలించి, కాటాను చెట్టుమొదలుకు బిగించవలెను. మనుష్యులందరును ప్రొపెల్లరుకు వెనుకనే నిలువవలెను. ప్రక్కన కూడ నిలువరాదు. పిదప పూర్తి వేగమున నడిపి ముల్లు చూడవలెను. ఎనిమిది కిలోల విమానమునకు ముల్లు పండ్రెండు చూపినచో ప్రొపెల్లరు కుదిరినది. తొమ్మిదియో పదియో చూపినచో ఇంజను మార్చవలసిన పని లేదు. ముందు ఒక అంగుళము పెద్దదియో, మరలు ఒక అంగుళము తక్కువదియో ప్రొపెల్లరు వేసి మరల తూచవలెను.