పీఠమే పేరైన అమ్మ
(స్మారకోపన్యాస పాఠం)

ఒకరి పేరు నిలపడానికి ఏర్పాటైన ఉపన్యాసం కాబట్టి, ఈ సాయంత్రం ఒక పేరు గురించే మాట్లాడతాను. ఐసిస్. ఈజిప్టు పురాణాల్లో ఒసైరిస్ భార్య, హోరస్ తల్లి.

ఈజిప్టు వాళ్లు ఆమెను ఐసిస్ అనలేదు. వాళ్ల లిపిలో హల్లులే ఉంటాయి, అచ్చులు మనం పూరించుకోవాలి. పండితులు వాడుక కోసం ‘అసెత్’ అని చదువుతారు. చివరి ‘త’కారం ఆ భాషలో స్త్రీలింగ ప్రత్యయం. కాలక్రమంలో అది నోట అరిగిపోయింది, ఆ భాష చివరి రూపమైన కాప్టిక్‌లో ‘ఈసె’ మిగిలింది. గ్రీకులు తమ అలవాటు ప్రకారం చివర ‘స్’ తగిలించారు.

ఇక ఆ పేరు రాసిన తీరు చూడండి. ముందు నిటారు వీపున్న ఒక పీఠం బొమ్మ. పక్కన ‘త’కారానికి గుర్తుగా అరచంద్రాకారపు చిన్న రొట్టె. దాని కింద గుడ్డు, అంటే ఇది దేవత పేరు అని సూచన. ఆ పీఠాన్నే శిల్పులు ఆమె తలమీద కిరీటంగా పెట్టారు. అబిడోస్‌లో ఫారో మొదటి సేతీ కట్టించిన గుడి శిల్పంలో రాజు ఆమె ఒడిలోనే కూర్చుని ఉంటాడు. సింహాసనం మీద కొలువైన అమ్మవారు మనకు కొత్త కాదు. ఇక్కడ అమ్మే సింహాసనం.

కుర్ట్ జేథే వంటి పండితులు దీన్నిబట్టే పేరుకు ‘పీఠం’ అని అర్థం చెప్పారు. తరువాతివాళ్లు ఒప్పుకోలేదు. ఈజిప్టు భాషలో పీఠం అనే మాటలో లేని హల్లు ఒకటి పేరు మొదట్లో ఉంది, బొమ్మను కేవలం ధ్వని కోసం వాడి ఉండవచ్చు అన్నారు. ఆ వాదనలో బలముంది. అయినా తలమీద పీఠం చెక్కిన శిల్పికి ఆ అర్థం తట్టలేదంటే నేను నమ్మను. పైగా తోటి దేవతలను చూడండి: హాథోర్ అంటే ‘హోరస్ ఇల్లు’, చెల్లెలు నెఫ్తిస్ అంటే ‘లోగిలి యజమానురాలు’. ముగ్గురి చుట్టూ ఉన్నవి ఇళ్లూ ఆసనాలే. గ్రీకు రచయిత ప్లూటార్క్ మాత్రం ఐసిస్‌ను ‘తెలుసుకోవడం’ అనే గ్రీకు ధాతువుతో ముడిపెట్టాడు. పరాయి పేరును తమ ధాతువుల్లోకి లాక్కునే సరదా మన వ్యుత్పత్తికారులకూ తెలిసినదే.

పేరు విలువ ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. టూరిన్‌లో ఉన్న ఒక పపైరస్‌లో కథ ఇది. ముసలి సూర్యదేవుడు రా నోట చొంగ నేలమీద పడింది. ఐసిస్ దాన్ని మట్టితో పిసికి పాము చేసి, అతని దారిలో వదిలింది. కాటు తిన్న రా విలవిల్లాడాడు. ‘నీ పేరు చెప్పు, విషం దించుతా’ అంది. అతను బిరుదులన్నీ ఏకరువు పెట్టాడు, పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి అంటూ. ఆమె కదల్లేదు. చివరికి అసలు పేరును తన దేహం నుంచి ఆమె దేహంలోకి పంపాడు. ఆ పేరేమిటో కథకుడు మాత్రం మనకు చెప్పడు. విషం దించే మంత్రవాది దాచుకున్న వ్యాపార రహస్యం!

ఊరూరా ఆమెకు ఒక్కో పేరు. ఈజిప్టులోని ఆక్సిరింకస్‌లో దొరికిన గ్రీకు స్తోత్రంలో ఆ జాబితా పెద్దది. అందులో మన దేశం కూడా ఉంది, భారతీయుల దగ్గర ఆమె ‘మాయా’ అట. పేరెక్కడ విన్నాడో ఆ భక్తుడికే తెలియాలి. ఆమె పేరు రాసిన ఆ లిపి కూడా ఆమె దగ్గరే ఆగింది: ఫీలే దీవిలోని ఆమె గుడిలో, క్రీ.శ. 394లో చిత్రలిపిలో చెక్కిన శాసనమే మనకు తెలిసినవాటిలో చివరిది. ఆరో శతాబ్దంలో రోమన్ చక్రవర్తి జస్టీనియన్ ఆ గుడి మూయించాడు.

అప్పటికే ఆమె మనుషుల పేర్లలో చేరిపోయింది. ఈజిప్టులో ‘పదిఅసెత్’, గ్రీకులో ‘ఇసిడోరస్’, రెండూ ‘ఐసిస్ ఇచ్చినవాడు’ అనే. సెవిల్ క్రైస్తవ బిషప్ ఇసిడోర్ జీవితమంతా ఆ పేరుతోనే గడిపాడు. నర్తకి ఇసడోరా డంకన్ పేరూ ఆ కోవదే. 2015లో ప్రపంచ వాతావరణ సంస్థ, ఒక ఉగ్రవాద ముఠా పేరుతో కలుస్తోందని, తూర్పు పసిఫిక్ తుపానుల జాబితాలోంచి ఐసిస్‌ను తీసేసి ఐవెట్ అని పెట్టింది. ఇసిడోర్‌ల జోలికి ఎవరూ పోలేదు.