సముద్రపు ఆవు పన్ను చెప్పే వాన కబురు



మన క్యారీ నుంచి తూర్పుగా రెండు గంటలకు పైగా కారు నడిపితే అరోరా అనే చిన్న ఊరు వస్తుంది. అక్కడ ఎరువుల కోసం ఫాస్ఫేట్ తవ్వే గని ఉంది. ఆ గని మట్టిని శిలాజాల మ్యూజియం దగ్గర కుప్పలు పోస్తారు. ఎవరైనా వెతుక్కోవచ్చు, దొరికింది ఇంటికి తెచ్చుకోవచ్చు. పిల్లలంతా సొరచేప పళ్ళ కోసం ఎగబడతారు. నాకు మాత్రం ఆ గనిలో బయటపడిన సముద్రపు ఆవు ఎముకల మీదే ఆసక్తి. దాని పక్కటెముకలు లోపల గుల్ల లేకుండా రాయిలా బరువుగా ఉంటాయి. నీటి అడుగున గడ్డి మేసే జీవికి అవే లంగరు!

మన దేశంలోనూ ఇవి ఉన్నాయి. గుజరాత్‌లోని కచ్‌లో సుమారు 2 కోట్ల ఏళ్ళ నాటి రాళ్ళలో మూడు రకాలు దొరికాయి. ఒకదాని పేరు భారతిసైరెన్. ఇవాళ మన్నార్ సింధుశాఖలో మిగిలింది డుగాంగ్ ఒక్కటే.

ఎముక దొరికింది కనుక అక్కడ సముద్రం వెచ్చగా ఉండేదని చెప్పవచ్చా? ఇప్పటి మానటీలు 20 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లని నీటిలో ఎక్కువ కాలం బతకలేవు. మన కరొలైనా తీరానికి వేసవిలో వచ్చి, చలికి ముందే దక్షిణానికి వెళ్ళిపోతాయి. కానీ స్టెల్లర్ 1741లో చూసిన సముద్రపు ఆవు బేరింగ్ సముద్రపు గడ్డకట్టే చలిలోనే బతికింది. (1768 నాటికి వేటగాళ్ళు దాన్ని తుడిచిపెట్టేశారు.) కాబట్టి ఎముక ఒక్కటే చాలదు, పన్ను కావాలి.

నీటిలోని ఆక్సిజన్‌లో తేలిక రకం, బరువు రకం ఉంటాయి. ఆవిరయ్యేటప్పుడు తేలికది ముందు లేస్తుంది, వానగా అదే కురుస్తుంది. వాన ఎక్కువైతే సముద్రపు పైనీటిలో తేలిక రకం పెరుగుతుంది. గవ్వల్లోనూ ఈ లెక్క ఉంటుంది కానీ, అందులో నీటి వేడి కూడా కలిసిపోతుంది. మన ఇంజనీర్ల భాషలో, ఒక సమీకరణం, రెండు అజ్ఞాత రాశులు. సముద్రపు ఆవు క్షీరదం, దాని ఒంటి వేడి ఇంచుమించు మారదు. అందుకని పంటి ఎనామిల్ నీటి సంగతి ఒక్కటే చెబుతుంది.

2011లో క్లెమెంట్జ్, స్యూయల్ అనే శాస్త్రజ్ఞులు ఇయోసీన్ యుగపు పళ్ళను ఇలా పరీక్షించి 'సైన్స్' పత్రికలో ప్రచురించారు. అది 5.6 నుంచి 3.4 కోట్ల ఏళ్ళ నాటి వేడి ప్రపంచం, ధ్రువాల దగ్గర పెద్ద మంచు పలకలు లేని కాలం. మంచు లేకపోవడం వల్ల రావలసిన తేడా కంటే ఎక్కువ తేడా కనిపించింది. ఉష్ణమండలంలో ఇప్పటికంటే వానలు బాగా ఎక్కువై ఉండవచ్చని వారి అంచనా.

దీన్నిబట్టి రేపటి గోదావరి వరద ఎంతో చెప్పలేం, అప్పటి ఖండాల అమరికే వేరు. కానీ రాబోయే వందేళ్ళ వానలను లెక్కగట్టే కంప్యూటర్ మోడళ్ళను ముందు గతం మీద నడిపి చూడాలి. పాత డేటాతో టెస్ట్ చేయకుండా మనలో ఎవరైనా ప్రోగ్రాం విడుదల చేస్తామా? గోదావరి, కృష్ణా గట్ల మీద మనవాళ్ళు ఇంకా వరి పండిస్తున్నారు. ఆ మోడళ్ళు వాన గురించి చెప్పేది సరైనదో కాదో ముందుగా తెలియవలసింది వాళ్ళకే.