లోపల దారి
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



మా చిచ్చాకు చూపు లేదు. వీధిలో ఆయనకు నా అవసరం ఉండదు. చేతికర్రతో, బేకరీ వాసన, కుట్టుమిషను చప్పుడు ఆనవాలు పట్టుకుని వెళ్లిపోతారు. కాని ఒకసారి పెద్ద ఆసుపత్రిలో నేను చీటీ కోసం క్యూలో ఉండగా, ఆయనతో ఎవరో "ఇటు వెళ్లండి" అన్నారట. ఇటు అంటే ఎటు? అరగంటకు మెట్ల కింద దొరికారు. ఆయన నవ్వారు గాని నాకు నవ్వు రాలేదు.

ఫోనులో జి.పి.ఎస్. ఉందిగదా అనవచ్చు. ఆ సంకేతాలు సుమారు 20,000 కిలోమీటర్ల ఎత్తునున్న ఉపగ్రహాల నుంచి వస్తాయి. కాంక్రీటు కప్పుల కిందికి సరిగా అందవు. ఏ అంతస్తులో ఉన్నామో చెప్పడం మరీ కష్టం.

అందుకని భవనం లోపల వేరే ఏర్పాటు కావాలి. 2015లో లండన్ పిమ్లికో భూగర్భ రైల్వేస్టేషనులో వేఫైండర్ అనే ప్రయోగం చేశారు. అక్కడక్కడ బీకన్లనే చిన్న బ్లూటూత్ పెట్టెలు అమర్చారు. దగ్గరున్న బీకన్‌ను బట్టి, ముందు మెట్లున్నాయనీ, ఎటు తిరగాలనీ ఫోను చెబుతుంది. చెవులు మూయకుండా ఎముక మీద ఆనే ఇయర్‌ఫోన్లు వాడారు. ఇది తెలివైన పని. చుట్టూ చప్పుడు వినబడకపోతే మా చిచ్చా ఒక్క అడుగు వేయరు.

వినికిడి లేనివారికి మాటలు పనికిరావు. వారికి మణికట్టుకు కట్టుకునే పట్టీ అదిరి చెప్పాలి, కుడికి ఒక తీరు, ఎడమకు ఒక తీరు. నిప్పంటుకుని గంట మోగినా వినబడనివారికి అది ప్రాణంతో సమానం. చూపూ వినికిడీ రెండూ లేనివారికి స్పర్శ ఒక్కటే దారి.

ఐ.ఐ.టి. ఢిల్లీవారి స్మార్ట్‌కేన్ 2014లో వచ్చింది. మోకాలికి పైనున్న అడ్డును ధ్వని తరంగాలతో పసిగట్టి పిడి అదురుతుంది. మంచి సాధనమే. అయితే డాక్టరుగారి గది ఎక్కడో అది చెప్పలేదు.

2011 జనాభా లెక్కల్లో చూపు లోపమున్నవారు సుమారు 50 లక్షలు, వినికిడి లోపమున్నవారు మరో 50 లక్షలు. ప్రజల భవనాలు వికలాంగులకు అనువుగా ఉండాలని 2016 చట్టం చెప్పింది. చేతిపట్టీ మనం కొనుక్కోవచ్చు, బీకన్ మాత్రం భవనంవారే పెట్టాలి.

ఇదంతా చిచ్చాకు చెప్పాను. "రేపు ఆ గదిని పైఅంతస్తుకు మారిస్తే, బేటా, నీ యంత్రానికి ఎవరు చెబుతారు?" అన్నారు. బ్యాటరీ అయిపోతే మార్చేదెవరని కూడా అడిగారు. ఆ పని ప్రతి భవనంలో ఒక ఉద్యోగికి పేరుపెట్టి అప్పగించాలి. అంతవరకు, కౌంటరులో కూర్చున్నవారు "ఇటు" అనకుండా "కుడికి పది అడుగులు" అంటే మా చిచ్చా వెళ్లగలరు.