కరివేపాకును బంగాళాదుంపయు: పోషక విలువల తారతమ్యము



బడులలోను వసతిగృహములలోను భోజన క్రమమును నిర్ణయించు అధికారులు ఆహార పదార్థముల పోషక పట్టికలను ఆధారముగా గొనుట యుచితమే. అయితే ఆ పట్టికలలోని అంకెలు నూరు గ్రాముల పదార్థమునకు లెక్కించినవి. పిల్లవాడు తిను పరిమాణము వేరు. ఈ సంగతి మరచినచో నెట్టి పొరపాటు కలుగునో తాలింపులోని కరివేపాకును, కూరలోని బంగాళాదుంపను పోల్చి చూచిన తేటపడును.

కూనూరులోని పోషకాహార పరిశోధనాలయాధిపతి డాక్టరు ఎక్రాయిడ్ 1937లో భారతీయాహారముల పోషక విలువలను పట్టికగా ప్రకటించెను. ఆ పరిశోధనాలయము 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ యను పేర నున్నది. ఆ సంస్థ పట్టికలలో నొకదాని ప్రకారము, నూరు గ్రాముల పచ్చి కరివేపాకులో కాల్షియము సుమారు 830 మిల్లిగ్రాములు, మాంసకృత్తులు 6 గ్రాములు, విటమిను సి 4 మిల్లిగ్రాములు కలవు. అంతే బంగాళాదుంపలో కాల్షియము 10 మిల్లిగ్రాములు, మాంసకృత్తులు 1.6 గ్రాములు, విటమిను సి 17 మిల్లిగ్రాములు, పిండిపదార్థములు 22.6 గ్రాములు కలవు. దుంప యిచ్చు శక్తి 97 కెలోరీలు.

ఇక కంచము వైపు చూడవలెను. మధ్యాహ్న భోజన నిబంధనల ననుసరించి ప్రాథమిక పాఠశాల విద్యార్థికి దినమునకు కూరగాయలు 50 గ్రాములు. అదంతయు బంగాళాదుంపయే యైనచో లభించు కాల్షియము 5 మిల్లిగ్రాములు. తాలింపులో నొక్కొక్కరి వంతునకు గ్రాము కరివేపాకు పడునని యెంచినచో దాని వలన 8 మిల్లిగ్రాములు. ఒక్క గ్రాము ఆకు ఏబది గ్రాముల దుంపను మించినది! కాని యా యాకును పిల్లలు ఏరి పారవేయుదురు. ‘కూరలో కరివేపాకు’ అను నానుడి యూరక పుట్టలేదు. తినని యాకులోని పోషకము పట్టికలో నుండును గాని దేహమునకు చేరదు.

ఏడు మొదలు తొమ్మిదేండ్ల పిల్లలకు దినమునకు 650 మిల్లిగ్రాముల కాల్షియము కావలెనని 2020 నాటి సిఫారసు. దాని యెదుట ఎనిమిదియు నైదును లెక్కకు రావు. దుంప చవుక; నిలువయుండును; తరుగుట సులభము. అందుచే వంటవారు దానినే దినదినము వండుట కద్దు. పుస్తకములో 50 గ్రాములు సరిపోవును. కాని యన్నము వలన వచ్చెడి పిండిపదార్థమే మరల కూర వలనను వచ్చును; లోటు లోటుగనే యుండును.

దుంప నిషిద్ధమని దీని భావము కాదు. శక్తి నిచ్చుటలో అది మేలైనది. తొక్కతో నుడికించినచో విటమిను సి యెక్కువగా నిలుచును. పచ్చబడిన దుంపలను, మొలకెత్తినవానిని మాత్రము వాడరాదు. వారమున కొన్ని దినములైనను కూరగాయల వంతులో సగము ఆకుకూర యుండవలెను. మునగాకులో నూరు గ్రాములకు 440 మిల్లిగ్రాముల కాల్షియము గలదు గనుక, 25 గ్రాములు పప్పులో వేసినను 110 మిల్లిగ్రాములు లభించును. కరివేపాకును పొడిగా గొట్టి అన్నములో కలిపినచో పారవేయుట యుండదు.

కావున తనిఖీకి వచ్చిన యధికారి సరకుల పుస్తకమును మాత్రమే చూచి మరలిపోరాదు. పిల్లలు భోజనము ముగించి లేచిన పిమ్మట కంచములలో నేమి మిగిలినదో కూడ చూడవలెను.